పాత ఇంట కొత్త కాపురం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టటంలోని కష్టం ఎరిగినవారు గనుక అలా అన్నారు. కాని కట్టిన ఇంటిని రెండు వందల సంవత్సరాలు నిలుపుకోవటం అంతకంటె కష్టం. కట్టించినవారు గతిస్తారు. ఏ అవసరం కొరకు కట్టించారో ఆ అవసరమూ గతిస్తుంది. నవాబులు లేని కాలంలో నవాబుగారి దేవిడీ దేనికి? దొరలు వెళ్ళిపోయిన తరువాత దొరగారి బంగళా దేనికి? ఈ ప్రశ్నకు తగిన సమాధానం దొరికిన కట్టడాలు బ్రతికి బయటపడ్డాయి. దొరకనివాటిలో అనేకం కూలిపోయాయి, లేదా ఎవరో కూల్చివేశారు.

తాళం వేసి ఉంచితే పాత కట్టడం పదిలంగా ఉంటుందని చాలామంది నమ్మకం. వాస్తవం ఇందుకు విరుద్ధం. మనుషులు మసలే ఇంట్లో పైకప్పు నుంచి చుక్క కారితే ఆ పూటే ఎవరో ఒకరు గమనిస్తారు. మనిషి అలికిడి లేని ఇంట్లో అదే చుక్క వానకాలమంతా దూలంలోకి దిగుతుంది. ఎండుటాకులు తూములకు అడ్డుపడి మిద్దెమీద నీరు నిలుస్తుంది. పక్షి వేసిన రావివిత్తు పిట్టగోడ పగులులో మొలకెత్తుతుంది. మొదటి ఏడు రెండు వేళ్ళతో పెరికివేయగల ఆ మొక్క, పది సంవత్సరాల తరువాత గోడను రెండుగా చీల్చగల చెట్టవుతుంది. తడిసిన కలపను చెద వెతుక్కుంటూ వస్తుంది. పురాతన భవనాలకు మొదటి శత్రువు గునపం కాదు, నిర్లక్ష్యం.

ఈ సత్యాన్ని నిపుణులు సైతం అంగీకరించారు. 1964లో ఇటలీలోని వెనిస్ నగరంలో సమావేశమైన వాస్తుశిల్పులు, పరిరక్షణ నిపుణులు రూపొందించిన ఒడంబడికలో అయిదవ అధికరణం ఈ విషయాన్నే ప్రస్తావిస్తుంది. సమాజానికి ఉపయోగపడే పనికి వినియోగించటం వలన పురాతన కట్టడాల పరిరక్షణ సులభమవుతుందన్నది అందులోని మొదటి మాట. ఆ వినియోగం కోసం కట్టడపు అమరికను గాని, అలంకరణను గాని మార్చరాదన్నది రెండవ మాట. మొదటి మాటను పాటించటం తేలిక. రెండవదానిని పాటించటంలోనే చిక్కంతా ఉంది. ఈ చిక్కును హైదరాబాదు నగరం ఎదుర్కొన్న తీరు పరిశీలించదగినది.

కోఠీలోని రెసిడెన్సీ భవనం ఇందుకు మొదటి ఉదాహరణ. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో దీని నిర్మాణం ప్రారంభింపజేశాడు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ ప్రణాళిక తయారుచేశాడు. ముందు భాగాన ఎత్తయిన స్తంభాలు, విశాలమైన మెట్లు, మెట్లకు ఇరువైపుల సింహాల విగ్రహాలు, లోపల అద్దాలతో, షాండిలియర్లతో దర్బారు మందిరం, రెండు పాయలుగా చీలి పైకి సాగే మెట్లవరుస – ఐరోపా రీతిలో నిర్మించిన ఈ సౌధంలో పనిచేసిన చేతులు మాత్రం ఈ దేశపువే. కిర్క్‌పాట్రిక్ వివాహమాడిన ఖైరున్నీసా బేగం ఇదే ఆవరణలో రంగమహల్ అనే అంతఃపురంలో, పరదాచాటున నివసించింది. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వాన తిరుగుబాటుదారులు ముట్టడించినదీ ఈ రెసిడెన్సీనే.

స్వాతంత్ర్యం వచ్చింది, రెసిడెంటు పదవి అంతరించింది. ఖాళీ అయిన ఆ సౌధంలోకి 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల వచ్చి చేరింది. పరదా స్త్రీ అడుగు బయట పెట్టని ఆవరణలోకి వేలాది యువతులు పుస్తకాలు పట్టుకొని నడచివచ్చారు. ఒక రాజప్రతినిధి వైభవం కొరకు కట్టిన కట్టడానికి ఇంతకంటె గౌరవప్రదమైన రెండవ జన్మ ఊహించటం కష్టం. ఆ కళాశాలే 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా ఎదిగింది. నేడు దానికి తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన చాకలి ఐలమ్మ పేరు ఉంది.

అయితే ఈ కథలో మరొక అధ్యాయం కూడా ఉన్నది. మంచి వినియోగం దొరికినంత మాత్రాన ఆ భవనం క్షేమంగా ఉండలేదు. పాఠాలు సాగుతూనే ఉన్నాయి, పైకప్పు కారుతూనే ఉంది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే అంతర్జాతీయ సంస్థ తన ప్రమాద జాబితాలో దీనిని చేర్చవలసి వచ్చింది. ఆ తరువాత దఫదఫాలుగా సాగిన పునరుద్ధరణకు అనేక సంవత్సరాలు పట్టింది. ఏటేటా చేయవలసిన చిన్న మరమ్మతును వాయిదా వేస్తే తరం గడిచిన తరువాత దానికి ఎన్ని రెట్ల మూల్యం చెల్లించవలసి ఉంటుందో కోఠీ భవనం చూపించింది. పాత ఇంట కొత్త కాపురం పెట్టినవారు ఆ ఇంటి బాగోగులు కూడా తలకెత్తుకోవాలి.

ఆ బాగోగులు చూడటంలో కూడా ఒక వివేకం అవసరం. పూర్వపు గోడలు ఇటుకతో, రాతితో, సున్నంతో కట్టినవి. గానుగలో తిప్పి మెత్తగా చేసిన సున్నానికి కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి పూత పూసేవారు. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, తిరిగి గాలికి వదిలివేస్తుంది. వేడికి, చలికి కొద్దిగా సాగి సర్దుకుంటుంది. అటువంటి గోడ పగిలిందని సిమెంటుతో మెత్తితే మొదట చూడటానికి బాగానే ఉంటుంది. కాని లోపలి తేమ బయటకు రాలేక గోడలోనే నిలుస్తుంది. నాలుగు వానకాలాలు గడిచేసరికి సిమెంటు పెచ్చుతో పాటు పాత ఇటుక పొర కూడా ఊడివస్తుంది. మేలు చేయబోయి కీడు చేయటమంటే ఇదే. అందుకే ఇటువంటి పనులకు సున్నం వాడటం ఎరిగిన మేస్త్రీ ఇంజనీరు ఎంత అవసరమో అంత అవసరం. ఆ పనితనం తెలిసిన చేతులు తగ్గిపోతూండటం, భవనాలు తగ్గిపోవటం కంటె తక్కువ నష్టమేమీ కాదు.

కట్టడానికి తగిన పనిని వెతకటంలో విజయవాడ ఒక మంచి మార్గం చూపింది. విక్టోరియా రాణి పాలనకు 50 సంవత్సరాలు నిండిన సందర్భంగా 1887లో అక్కడ ఒక మందిరానికి శంకుస్థాపన జరిగింది. పరాయి రాణి పేర వెలసిన ఆ మందిరం 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలతో ముడిపడింది. ఆ సమావేశాల సందర్భంలోనే పింగళి వెంకయ్య తన పతాక నమూనాను గాంధీజీకి సమర్పించాడు. 1962లో పురావస్తు శాఖ దానిని ప్రదర్శనశాలగా మార్చింది. 2020లో బాపు మ్యూజియం పేరుతో అది నూతన హంగులతో తిరిగి తెరుచుకున్నది. ఇక్కడ ఒక విషయం గమనార్హం. పెరిగిన ప్రదర్శన వస్తువుల కొరకు పాత మందిరాన్ని సాగదీయలేదు. కొత్త అవసరాలకు దాని వెనుక వేరే భవనం కట్టారు. పాతది తన కొలతలలో తాను నిలిచింది. గుడ్డకు తగినట్లు చొక్కా కుట్టాలి గాని, చొక్కా కొరకు గుడ్డను చింపరాదు కదా!

ధనం రాబట్టే వినియోగాలు కూడా ఉన్నాయి. పైగా వంశీయుడు వికారుల్ ఉమ్రా 1884లో ప్రారంభించి కట్టించిన ఫలక్‌నుమా తరువాత ఆరవ నిజాము చేతికి వచ్చింది. 1911లో ఆయన మరణానంతరం దశాబ్దాల తరబడి అది ఇంచుమించు మూతపడి ఉన్నది. సుదీర్ఘమైన పునరుద్ధరణ తరువాత 2010లో హోటలుగా తెరుచుకున్నది. గోడలు, గచ్చులు, బల్లలు, గ్రంథాలయం అన్నీ కొత్త వెలుగు చూశాయి. అయితే ఆ వెలుగును చూడగలవారు కొద్దిమందే. అదే ఆసఫ్‌జాహీ వంశానికి చెందిన చౌమహల్లా సౌధాన్ని బాగుచేసి ప్రజల సందర్శనకు విడిచిపెట్టారు. టిక్కెట్టు కొనుక్కొని బడిపిల్లలు సైతం అక్కడి దర్బారులో తిరుగుతారు. ఆ పనికి 2010లో యునెస్కో పురస్కారం లభించింది. ఫలక్‌నుమాను హోటలు బ్రతికించిన మాట నిజం. కాని వారసత్వం అనే మాటలో వారసులు ఎవరన్న ప్రశ్న కూడా ఇమిడి ఉన్నది. ఒక నగరంలోని పాత భవనాలన్నీ సంపన్నుల విడిదులుగా మారితే గోడలు మిగులుతాయి గాని, వాటికీ ప్రజలకూ మధ్య బంధం మిగలదు.

ఇప్పుడు అన్నింటికంటె బరువైన ప్రశ్న మూసీ ఒడ్డున నిలిచి ఉన్నది. 1908 సెప్టెంబరు వరదలో నగరం అతలాకుతలమైంది. ఆనాడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నూటయాభై మంది ప్రాణాలు కాపాడిందని నగరం నేటికీ చెప్పుకుంటుంది. ఆ వరద అనంతరం ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనలో, గుమ్మటాలతో తలయెత్తినదే ఉస్మానియా ఆసుపత్రి. దాదాపు శతాబ్దకాలం అది ఏ పనికై పుట్టిందో ఆ పనే చేసింది. బీదలకు అది పెద్ద దిక్కు. 2020 జూలైలో కుండపోత వానకు వార్డులలోకి నీరు చేరింది. పాత భవనం నుంచి రోగులను తరలించి తలుపులు మూశారు.

ఆ తరువాత కొన్ని సంవత్సరాలు రెండు వాదాలు తలపడ్డాయి. కూల్చి అదే చోట కొత్త ఆసుపత్రి కట్టాలన్నది ఒకటి. చరిత్రను కూల్చరాదన్నది రెండవది. ఈ రెండింటిలో దేనినీ తేలికగా కొట్టిపారవేయలేము. పెచ్చులూడే కప్పు కింద పడుకున్న రోగికి గుమ్మటం అందాన్ని గురించి ఉపన్యసించటం న్యాయం కాదు. నేటి వైద్యానికి అవసరమైన యంత్రాలు, ప్రాణవాయువు గొట్టాలు, లిఫ్టులు, నిప్పు అంటుకుంటే తప్పించుకునే దారులు – ఇవన్నీ ఆ గోడలలో ఇరికిస్తే రోగికీ సుఖముండదు, గోడకూ క్షేమముండదు. చివరకు 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగికి కొత్త చోటు దొరికే దారి ఏర్పడింది. మరి పాత భవనానికి? దానికి తగిన కొత్త పనిని నిర్ణయించటంలో ఆలస్యమైతే, కూల్చివేత వాదం చేయలేని పనిని రావిమొక్కలు చేస్తాయి.

చట్టం కొంతవరకే కాపాడగలదు. హైదరాబాదులో వారసత్వ కట్టడాల రక్షణకు 1995లో చేర్చిన నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణకు వేరే చట్టం వచ్చింది. 1870 ప్రాంతంలో ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ సౌధం స్థానంలో కొత్త శాసనసభా భవన సముదాయం నిర్మించాలని 2019లో మంత్రివర్గం చేసిన నిర్ణయాన్ని అదే సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. సౌధం నిలిచింది. కాని న్యాయస్థానం గునపాన్ని ఆపగలదు. తూములలో ఆకులు తీయలేదు. ఆ పని దానిలో కాపురముండేవారే చేయాలి.

నవాబుల నగరాలకే ఈ సమస్య పరిమితమని భావించరాదు. యంత్రయుగం కట్టిన ఊళ్ళకూ వార్ధక్యం వస్తుంది. 1955లో సోవియట్ దేశంతో కుదిరిన ఒప్పందం మేరకు వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం వెళ్ళి, భిలాయిలోను, భిలాయి-3 వంటి రైల్వే పేటలలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ కార్మికుల క్వార్టర్లు, బడులే పుట్టిన ఊరి జ్ఞాపకాలు. వాటిలో తొలినాటివి అరవై ఏళ్ళు దాటాయి. వాటిని పాతబడిన ఇటుకలని ఊడ్చివేస్తారా, ఒక తరం శ్రమకు గుర్తుగా కొన్నింటినైనా కొత్త పనికి మలచుకుంటారా అన్నది నేడో రేపో ఎదురయ్యే ప్రశ్న. జర్మనీలోని ఫోల్క్‌లింగెన్‌లో ఇనుము కరిగించే కర్మాగారం 1986లో ఆగిపోయింది. దానిని తుక్కుకు అమ్మివేయలేదు. 1994లో అది ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నేడు ఆ కొలిముల మధ్య ప్రదర్శనలు జరుగుతున్నాయి.

కనుక ఒక పాత కట్టడాన్ని కొత్త పనికి అప్పగించే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవటం మంచిది. ఈ పని ఆ గదుల కొలతలలో ఇముడుతుందా? దీని కోసం పెట్టే అడ్డుగోడలు, తీగలు, గొట్టాలు రేపు తీసివేస్తే భవనం మళ్ళీ యథాస్థితికి వస్తుందా? సామాన్యుడు గడపలో అడుగు పెట్టగలడా? అన్నింటికంటె ముఖ్యంగా, ప్రారంభోత్సవపు రిబ్బను కత్తిరించిన మరుసటి సంవత్సరం మిద్దె ఎక్కి తూములు చూసే మనిషి ఎవరు? అతని జీతానికి లెక్కలలో ఒక పద్దు ఉన్నదా? చివరి ప్రశ్నకు సమాధానం లేని పథకం ఎంత గొప్పదైనా అసంపూర్ణమే.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇటువంటి ఇళ్ళకు మరింత వర్తిస్తుంది. ఉస్మానియా గుమ్మటాలు ఇంకా నిలిచే ఉన్నాయి. నిర్ణయం ఆ గుమ్మటాల కింద రానున్న ఒకటి రెండు వానకాలాలలోగా జరగాలి.