రాత్రికి ఏం కూర?

మన వరంగల్ వైపు ఇరుగుపొరుగు ఎదురుపడితే క్షేమసమాచారాల కన్నా ముందు వచ్చే మాట ఒకటుంది. "ఏం కూరొండినవ్ అక్కా?" అని. అది వట్టి పలకరింపు, జవాబు చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అదే ప్రశ్న సాయంత్రం అయిదున్నరకు ఇంట్లోవాళ్ల నోట వచ్చిందంటే మాత్రం సంగతి వేరు. ఆఫీసు నుంచి వచ్చినావిడైనా, పొద్దంతా ఇంట్లో ఉన్నావిడైనా ఫ్రిజ్ తలుపు తీసి నిలబడిపోవలసిందే. సగం సొరకాయ, నాలుగు వంకాయలు, వాడిన పాలకూర కట్ట. వంకాయ పెద్దాడు ముట్టడు. సొరకాయ ఆయనకు పడదు. పాలకూర పప్పు మొన్ననే అయింది. పొయ్యి వెలిగించక ముందే సగం అలసట అక్కడే వచ్చేస్తుంది.

"ఇదీ ఒక సమస్యేనా, పేపర్లో రాసేంత విషయమా?" అని కొందరు నవ్వుకోవచ్చు. వాళ్ల కోసమే కొన్ని లెక్కలు.

మనుషులు రోజులోని 24 గంటలూ ఎలా గడుపుతున్నారని 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సర్వే చేసింది. ఇంటివాళ్ల కోసం జీతం లేకుండా చేసే పనికి, ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు పెడుతున్నారని తేలింది. మగవాళ్లు 97 నిమిషాలు. మనకు దాదాపు అయిదు గంటలైతే వాళ్లకు గంటన్నర పైచిలుకు అన్నమాట. ఆ గంటన్నరైనా మగవాళ్లందరిదీ కాదు. ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్లు నూటికి 26 మందే! 2024లో మళ్లీ సర్వే చేస్తే మన లెక్క 289 నిమిషాలకు దిగింది. పోనీలే, పది నిమిషాలు మిగిలాయని సంతోషించబోయి పక్క గడి చూశాను. మగవాళ్ల లెక్క 88. వాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. అంటే మన చేతుల్లోంచి జారిన ఆ పది నిమిషాలను వాళ్లేమీ అందుకోలేదు. మిక్సీలో, కుక్కరు, బజారు కూరలో అందుకుని ఉంటాయని నా అనుమానం.

ఈ సర్వేలో నాకు ఇంకో వెలితి కనిపిస్తుంది. రోజును అరగంట చొప్పున గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఏ పని చేశారో రాసుకున్నారు. కూర తరిగింది రాస్తారు, గిన్నె కడిగింది రాస్తారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని "చింతపండు ఉందా, పెరుగు తోడుకుందా, రేపు పిల్ల బాక్సులోకి ఏమిటి" అని లోలోపల నడిపే లెక్కను ఏ గడిలో రాయాలి? అప్పుడు మనం "ప్రయాణం"లో ఉన్నట్టే! అసలు ఒత్తిడంతా అక్కడే ఉందని నేననుకుంటాను. వంట చెయ్యడం కంటే ఏం చెయ్యాలో తేల్చుకోవడమే పెద్ద చాకిరి.

ఈ పనికి విలువ లేదన్న మాటను సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. ప్రమాదంలో చనిపోయిన ఒక దంపతుల పరిహారం కేసులో 2021 జనవరి 5న వచ్చిన తీర్పులో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి పనుల గురించి విడిగా వివరంగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పుకున్న స్త్రీలు దాదాపు 16 కోట్ల మంది అయితే, మగవాళ్లు 58 లక్షల లోపేనని అందులో ఎత్తి చూపారు. కానీ చూడండి, మన వంటకు ఖరీదు కట్టవలసి వచ్చింది మనిషి పోయాకే.

"మా రోజుల్లో కట్టెల పొయ్యి మీద పదిమందికి వండినం, మీకు గ్యాసుండి కూడా ఏం కష్టం?" అని పెద్దవాళ్లు అంటూ ఉంటారు. మా అత్తమ్మా అంటుంది. సరే, నిజమే, కట్టెల పొగ కళ్లు మండించింది, ఊపిరితిత్తులను పాడుచేసింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల ఆ పొగ నుంచి ఎందరినో బయట పడేశాయి. అయితే ఒకరోజు తీరిగ్గా కూర్చుని అత్తమ్మను అడిగాను, రాత్రిపూట ఏం వండేవారని. "ఏముంది, పొద్దటి కూర మిగిలితే అదే. లేకుంటే పచ్చిపులుసు కలిపి తొక్కు వేస్కునేది. వానాకాలం జొన్నరొట్టె." అదీ సంగతి! పొయ్యి సుఖమైంది, కోరికలు పెరిగాయి. పొద్దున టిఫిను, బాక్సులకొక కూర, రాత్రికి మళ్లీ వేడివేడిగా ఇంకొకటి, ఆదివారమైతే టీవీలో చూసిన పన్నీరు. గ్యాసు మిగిల్చిన సమయాన్ని ఈ కొత్త వంటకాలే మింగేశాయి. (అలాగని ఆ కాలమే బాగుందని అనను. మిగిలిన కూర చాలనప్పుడు తగ్గించుకు తిన్నది ఎవరో మనకు తెలుసు.)

ఇక కర్రీ పాయింట్ల సంగతి. హన్మకొండలో నయీంనగర్, సుబేదారి వైపు గానీ, కాజీపేటలో గానీ సాయంత్రం ఏడు దాటాక చూడండి. కవర్లలో సాంబారు, పప్పు, దొండకాయ వేపుడు కట్టించుకునేవాళ్లు బారులు తీరి ఉంటారు. హాస్టలు పిల్లలు, డ్యూటీ దిగినవాళ్లు, భార్య పుట్టింటికి వెళ్లిన భర్తలు. ఈ మధ్య ఇల్లాళ్లు కూడా కనిపిస్తున్నారు గానీ కవరును హ్యాండ్‌బ్యాగులోకి తోసేస్తారు. ఎందుకా దాపరికం? అదే పప్పు మగవాడు పట్టుకుపోతే "పాపం, ఒక్కడే ఉంటున్నాడు". ఇల్లాలు పట్టుకుపోతే "ఇంట్లో ఏం పని చేస్తదంట?"

కర్రీ పాయింటును నేను వెనకేసుకు రావడం లేదు. మాడిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించడం, మరిగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవరులో పొయ్యడం ఒంటికి మంచిది కాదు. 120 మైక్రాన్ల కన్నా పల్చని క్యారీబ్యాగులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు కూడా. ఇంట్లోంచి స్టీలు డబ్బా తీసుకువెళితే సగం బాధ తీరుతుంది. ఇంకో మాట. మా వీధి చివరి కర్రీ పాయింటులో గల్లా దగ్గర భర్త కూర్చుంటాడు, వెనక గదిలో ఉల్లిపాయలు తరుగుతూ ఆవిడ కనిపిస్తుంది. మన వంటింటి చాకిరి తీర్చేది కూడా మరొక ఆడమనిషి చాకిరే.

కేరళలో 2020లో కుటుంబశ్రీ మహిళలు జనకీయ హోటళ్లు పెట్టి 20 రూపాయలకే భోజనం పెట్టారు. మన తెలంగాణలోనూ 2024లో ఇందిరా మహిళా శక్తి పేరుతో మహిళా సంఘాల క్యాంటీన్లు మొదలయ్యాయి. మంచిదే. ప్రభుత్వ కార్యాలయాల దగ్గర పగటి భోజనానికి పెట్టినట్టే, కాలనీకొకటి చొప్పున సాయంత్రం పూట రెండు కూరలు, ఒక పప్పు, శుభ్రంగా, లెక్కగా అమ్మితే ఎంత మంది ఊపిరి పీల్చుకుంటారో! సంపాదన వెనక గదిలోని ఆవిడ చేతికే నేరుగా వస్తుంది.

అదంతా వచ్చేలోగా ఇంట్లో చేసుకోగలిగింది ఒకటి ఉంది. వారానికి ఏడు కొత్త కూరలన్న వ్రతం మానెయ్యడం. మా ఇంట్లో సోమ, బుధవారాలు పప్పుచారు రాత్రులు. మంగళవారం కోడిగుడ్డు. శుక్రవారం పచ్చిపులుసు, పల్లీల పొడి, అప్పడాలు, పొయ్యి పని పావుగంట. ఆదివారం లక్ష్మీపురం మార్కెట్ నుంచి తెచ్చిన కూరల్లో త్వరగా వాడేవి ముందు, దుంపలు, గుమ్మడికాయ చివరికి. ఇది క్యాలెండరు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాను. మొదటి వారమే తప్పింది, చుట్టాలొచ్చారు. తప్పినా ఫరవాలేదు, కనీసం సాయంత్రం అయిదున్నరకు ఆలోచించే పని తప్పింది.

గురువారం గడి మాత్రం ఖాళీగా ఉంచి, కింద ఆయన పేరు రాశాను. వండటమే కాదు, ఏం కూరో తేల్చడం కూడా ఆయనదే. మొదటి గురువారం మార్కెట్ నుంచి ఫోను.

"ఏం కూర తేను?"

"మీ ఇష్టం" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. ఎనిమిదింటికి దొండకాయలతో వచ్చారు. నలుగురికి అరకిలో చాలు. రెండు కిలోలు.