సెలవుల్లో కూడా కుక్కరేనా?

పిల్లల దగ్గరికి బ్రిటన్ వెళ్ళిన మన ఆడవాళ్ళని నేనైతే స్కాట్లాండ్‌లో ఓబన్ చూసి రమ్మంటాను. గ్లాస్గో నుంచి రైల్లో మూడు గంటల పైచిలుకు. పడమటి తీరాన చిన్న ఊరు.

బస దగ్గరే వస్తుంది పేచీ. "వంటిల్లు ఉన్న ఫ్లాట్ తీసుకుందామమ్మా, నాన్నకి అన్నం లేకపోతే పడదు కదా" అంటాడు అబ్బాయి. ఒప్పుకోకండి. ఖర్చు తగ్గేమాట నిజమే, అది ఎవరి రెక్కల మీద తగ్గిందో మాత్రం ఎవరూ అడగరు. ఇంటివాళ్ళే పొద్దున టిఫిన్ వండిపెట్టే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్ళు అక్కడ బోలెడు. గుడ్డు తినకపోతే ఓట్స్ జావ, టోస్టు. (ఆవకాయ సీసా సంచిలో వేసుకోండి, కాదనను.)

అప్పుడు తీరిగ్గా కొండమీది మెకేగ్ టవర్ ఎక్కొచ్చు. తన కుటుంబం పేరు నిలవాలనీ, ఊళ్ళో రాతిపని వాళ్ళకి చలికాలం పని దొరకాలనీ ఒక బ్యాంకరు 1897లో మొదలుపెట్టాడు. 1902లో ఆయన పోవడంతో అలాగే ఆగిపోయింది. గుండ్రటి గోడలు, లోపల తోట, పైకప్పు లేదు. అక్కడ కూర్చుని మల్ దీవికి వెళ్ళే ఓడల్ని ఎంతసేపైనా చూడొచ్చు, ఇది ఎన్నో విజిలు అని లెక్కపెట్టుకోకుండా.