దురదకి ఎవులైనా సచ్చిపోతారేటి?

ఆరు వారాలు దాటినా తగ్గని దురదను వైద్యులు దీర్ఘకాలిక దురద అంటారు. అది చర్మరోగం వల్ల రావచ్చు, మూత్రపిండాలో కాలేయమో చెడి రావచ్చు, ఒంటి మీద ఒక్క పొక్కయినా లేకుండానూ రావచ్చు. ఎందువల్ల వచ్చినా నిద్రను మాత్రం మింగేస్తుంది. ఈ సంగతి ఎత్తితే చాలు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చదువుకున్నవారూ చదువుకోనివారూ ఒకటే మాట అంటారు: "దురదకి ఎవులైనా సచ్చిపోతారేటి!" వినడానికి ధైర్యం చెప్పినట్టే ఉంటుంది. నిజానికది నోరు మూయించే మాట. లెక్కకు కూడా నిలవదు.

డయాలిసిస్ చేయించుకుంటున్న 18 వేల మందికి పైగా రోగులను పలు దేశాల్లో పరిశీలించిన అధ్యయనం 2006లో వెలువడింది. వారిలో నూటికి 42 మందిని ఓ మోస్తరు నుంచి తీవ్రమైన దురద పీడిస్తున్నట్టు తేలింది. దురద ఉన్నవారిలో మరణాల ముప్పు 17 శాతం ఎక్కువగా కనిపించింది. నిద్ర ఎలా ఉందన్నది కూడా లెక్కలో కలిపితే ఆ తేడా నిలబడలేదు. దురదే ప్రాణం తీసిందని ఈ అధ్యయనం అనలేదు. మధ్యలో నిద్ర ఉందని వేలు పెట్టి చూపింది.

ఇదేదో దూరదేశపు గొడవ కాదు. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానం. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బు అక్కడ 1990ల నుంచీ ఇళ్ళకు ఇళ్ళను కూల్చుతోంది. నీటి పథకం వచ్చింది, పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి, డయాలిసిస్ రోగులకు పింఛను వచ్చింది. అన్నీ కావలసినవే. కానీ ఉద్దానంలో అక్షరం రానివారికి కూడా మూత్రపిండాల పనితీరు చెప్పే తమ క్రియాటినిన్ అంకె నోటికొచ్చు. దురదకు అంకె లేదు. అంకె లేనిదాన్ని ఎవరు లెక్కచేస్తారు?

వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలిసిస్ మిషను మీద పడుకుని వచ్చిన మనిషి, రాత్రయినా కునుకు తీద్దామనుకుంటే ఒళ్ళంతా జిల మొదలవుతుంది. వీపు అందదు. కొబ్బరి ఈనెతో గీరుకుంటారు, గోడ మూలకు రాసుకుంటారు. తెల్లారేసరికి దుప్పటి మీద ఆవగింజలంతేసి నెత్తుటి చుక్కలు. డయాలిసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చెయ్యి మరీ నరకం. అక్కడ గోరు తగిలితే చీము పట్టే భయం. ఆ చేతిని రెండో చేత్తో అదిమిపట్టుకుని కోడి కూసేదాకా కూర్చోవాలి. పొద్దున్నే చూడవచ్చినవాళ్ళకు దద్దురూ కనబడదు, పొక్కూ కనబడదు. "ఏటీ లేదు గదా!" అనేసి పోతారు.

రాత్రే ఎందుకంటే దానికి లెక్క ఉంది. సాయంత్రం దాటాక చర్మం వేడెక్కుతుంది, దానిలోని తేమ ఎక్కువగా ఆరిపోతుంది, వాపును అణచే కార్టిసాల్ ఒంట్లో తగ్గుతుంది. మనసును మళ్ళించే పనీ ఉండదు. గోకితే క్షణం హాయి, ఆ వెంటనే రెట్టింపు మంట. నెలల తరబడి గోకిన చర్మం ఏనుగు తోలులా మందమెక్కుతుంది. నిద్ర లేని మనిషికి విసుగు, దిగులు, నలుగురిలోకి వెళ్ళాలంటే సిగ్గు.

సిగ్గెందుకంటే తెలుగు భాషే ఆ పని చేసిపెట్టింది. దురద, తీట, దూల, నవ, జిల అని ఇన్ని మాటలుండి, సగం తిట్లే! నోటి దూల, చేతి దురద, తీట తీర్చడం: రోగం పేరు చెప్పుకుంటే పోకిరీతనం ఒప్పుకున్నట్టుంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఇక్కడ కందకూ ఉంది, కత్తిపీటకూ ఉంది. పక్క మంచం మీద భార్యకో తల్లికో కూడా నిద్ర లేదు.

ఇక వైద్యం పేరిట జరిగేది చూడాలి. వంకాయ మానేయ్, గోంగూర మానేయ్, ఎండుచేప ముట్టకు, రక్తం చెడింది, వేడి చేసింది. కిడ్నీ రోగికి ఎండుచేప నిజంగానే కూడదు, అయితే అది ఉప్పు, భాస్వరం వల్ల. రక్తం చెడడం వల్ల కాదు. ఆపైన మెడికల్ షాపులో ఒక సెట్రిజిన్. దద్దుర్ల దురదకు పనిచేసే ఆ బిళ్ళ కిడ్నీ దురదకు దాదాపు దండగ. తామరకైతే నాలుగు మందులు కలిపిన ట్యూబు. అందులోని స్టెరాయిడ్ రెండు రోజులు దురద దాచి, తామరను తొడల నుంచి నడుము దాకా పాకిస్తుంది. స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసింది. కట్టడి కాగితం మీద ఉంది, ట్యూబు కౌంటరు మీద ఉంది.

దురద కిడ్నీ రోగులకే కాదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే చాలు. పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చి, ఒలిచి, దురద పెడుతుంది. దాన్ని పనిలో భాగమనేస్తారు. హాస్టళ్ళలో గజ్జికి పిల్లలు రాత్రంతా గోక్కుని పగలు తరగతిలో తూగితే మొద్దులంటారు. గదిలో అందరికీ ఒకేరోజు మెడ నుంచి కాళ్ళ దాకా పెర్మెత్రిన్ పూసి, వారానికి మళ్ళీ పూస్తే పోయే జబ్బది.

చేయవలసినది బ్రహ్మవిద్యేమీ కాదు. స్నానమయ్యాక తడి ఆరకముందే కొబ్బరినూనె పట్టించడం కొంత మేలు. కొబ్బరి సీమలో దానికి కరువా? కిడ్నీ దురదకు డయాలిసిస్ తర్వాత చిన్న మోతాదులో గాబాపెంటిన్ పనిచేస్తుంది. మూత్రపిండాల ద్వారానే బయటికి పోవలసిన మందు కాబట్టి మోతాదు డాక్టరే లెక్కకట్టాలి. దురదకూ అంకె ఉంది. సున్నా నుంచి పది దాకా ఎంతో చెప్పమని రోగినే అడగడం. డయాలిసిస్ చార్టులో బరువు, బీపీ రాస్తున్న చెయ్యి ఆ అంకె కూడా రాయాలి, రాసే ముందు ఒక్క మాట అడగాలి: "రేత్రి నిద్దర పట్టినాదా?"