తాగుడు మాన్పించే చోటు: ఏది చూసి నమ్మాలి?

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడి వైన్ షాపులు ఉన్నపళంగా మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తాగుడు అలవాటున్నవాళ్ల తాకిడి పెరిగింది. చేతులు వణికేవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడేవాళ్లు. 2015లో తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడూ ఇదే జరిగింది. అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడిన ఒళ్లు, అది అందకపోయేసరికి తట్టుకోలేకపోయింది. గట్టిగా అనుకుంటే మానేయొచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లకు, ఇది ఒంటికి పట్టిన జబ్బు కూడానని ఆ రెండుసార్లు ఆసుపత్రి వరండాల్లోనే తెలిసొచ్చింది.

ఆ జబ్బుకు వైద్యం అందుతున్నది ఎందరికి? కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరుకుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒకరు. ఇంత ఖాళీ ఉన్నచోట వ్యాపారం పుట్టకుండా ఉండదు. అందులో మంచి వైద్యమూ ఉంది, పచ్చి మోసమూ ఉంది. ఏది ఏదో తేల్చుకునే పని మాత్రం, తేల్చుకునే ఓపిక లేని కుటుంబాల మీద పడింది.

ముందు ఆ కుటుంబాల పక్షం వినాలి. మనిషిని మూడు నెలలు గేటు లోపల ఉంచే ప్రైవేటు కేంద్రాన్ని తప్పుపట్టడం బయటివాళ్లకు తేలిక. ఆ ఇంట్లో పుస్తెలు తాకట్టుకెళ్లాయి, పిల్లలు రాత్రిళ్లు పక్కింట్లో పడుకుంటున్నారు, అడిగితే చెయ్యి లేస్తోంది. ప్రభుత్వాసుపత్రిలో చేర్పిద్దామంటే తోడుగా ఒకరుండాలంటారు. ఆ ఒక్కరూ కూలికి వెళ్తేనే ఇల్లు గడుస్తుంది. ఒళ్లు కాస్త కుదుటపడగానే మందులు రాసిచ్చి పంపేస్తారు. తిరిగొచ్చేది అదే వీధికి, అదే బెల్టుషాపు ముందుకు. ప్రైవేటు కేంద్రంవాళ్లయితే బండి తెస్తారు, తోడు అక్కర్లేదంటారు, అంతా మేం చూసుకుంటామంటారు. ఆ మూడు నెలలూ ఇంట్లోవాళ్లు కంటినిండా నిద్రపోతారు. ఆ నిద్ర విలువ తెలియనివాళ్లు ఈ విషయంలో తీర్పు చెప్పకపోవడమే మంచిది. పాత స్నేహాలకూ పాత దారులకూ కొంతకాలం దూరంగా ఉండటం రోగికి మేలు చేసే సందర్భాలూ ఉన్నాయి.

అయితే ఇక్కడ ఆ కుటుంబం డబ్బు పెట్టి కొన్నది విశ్రాంతిని. చికిత్స దానికి వేరు. రెండూ ఒకే గేటు వెనక దొరకవచ్చు, దొరక్కపోనూవచ్చు.

చికిత్స ఎందుకు తప్పనిసరంటే, తాగుడు మానేటప్పుడు మొదటి వారంలోనే అసలు ప్రమాదం ఉంటుంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక కొందరికి మతి చలించి, చెమటలు పట్టి, జ్వరం కాస్తుంది. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితిలో వైద్యం అందకపోతే ప్రాణానికే ముప్పు. డయాజెపామ్ లాంటి మందులు మొదలుపెట్టి క్రమంగా తగ్గించాలి, థయమిన్ ఇవ్వాలి, బీపీ, నాడి చూస్తూ ఉండాలి. డాక్టరు చుట్టపుచూపుగా వచ్చిపోయే చోట ఇవన్నీ ఎవరు చేస్తారు? హెరాయిన్ లాంటి మత్తుల విషయంలో ప్రమాదం బయటికొచ్చాక ఎదురవుతుంది. కొన్ని వారాలు దూరంగా ఉన్న ఒళ్లు పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. బయటికి రాగానే అదే మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే అలాంటివారికి బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులతో చాలాకాలం వైద్యం సాగిస్తారు. గేటు వేసి ఉంచడమొక్కటే వైద్యమనుకునే కేంద్రం ఈ రోగులను మరింత ప్రమాదంలోకి నెడుతుంది.

ఇలాంటి చాలా కేంద్రాల్లో పనిచేసేది ఒకప్పుడు తాగి మానేసినవాళ్లే. డాక్టర్లలో కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు. అది సరికాదు. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి, పుణెలో 1986లో అనిల్, అనితా అవచట్ దంపతులు నెలకొల్పిన ముక్తాంగణ్ వంటి పేరున్న సంస్థల్లోనూ మానేసినవాళ్ల అనుభవానికి చోటుంది. పూర్తిగా మానేసినవాళ్లే నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు రుసుమే ఉండదు. తాగినవాడి బొంకు తాగి మానేసినవాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ‘నేను బయటపడ్డాను’ అని వాడు చెబితే ఉండే బలం తెల్లకోటుకు రాదు. కానీ తాను మానేసిన దారే అందరికీ దారి అనుకున్నప్పుడు ఈ అనుభవమే ప్రమాదమవుతుంది. ‘నన్ను నాలుగు తగిలిస్తేనే దారికొచ్చాను’ అనే మనిషి చేతికి తాళంచెవులిస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. డాక్టరు పక్కన ఇలాంటివాళ్లు ఉంటే కేంద్రానికి బలం. డాక్టరు స్థానంలో వాళ్లే ఉంటే అది హెచ్చరిక.

గోడల మీదా ఆటోల వెనకా కనబడే హామీల సంగతి ఇంతకంటే సూటిగా చెప్పొచ్చు. ‘నూరు శాతం గ్యారంటీ’ అనే మాటను వ్యసనాల వైద్యం తెలిసినవాళ్లెవరూ అనరు. మళ్లీ తాగడం ఈ జబ్బులో తరచూ జరిగేదే. బీపీ, షుగర్ మళ్లీ పెరిగినట్టే దాన్నీ చూసుకుని వైద్యం మార్చుకోవాలి. ‘తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం’ అనే ప్రకటన ఇంకా చెడ్డది. అన్నంలోనో కాఫీలోనో కలపమని ఇచ్చే పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు. ఒకవేళ అది డైసల్ఫిరామ్ అయితే, దాని మీద మద్యం పడగానే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం మొదలవుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రాణాపాయం కూడా. ఆ మందును డాక్టర్లు రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. రహస్యంగా ఇచ్చే ఇల్లాలు మోసం చేయాలని ఇవ్వదు, దిక్కుతోచక ఇస్తుంది. మోసం ఆమె చేతిలో ఆ పొడి పెట్టినవాడిది.

బలవంతంగా చేర్పించడం తప్పా, ఒప్పా అన్న ప్రశ్నకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మధ్యే మార్గం చూపింది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా దాని పరిధిలోకి వస్తాయి. తనకో ఎదుటివారికో హాని చేసే స్థితిలో, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని అతని ప్రతినిధి కోరితే చేర్చుకోవచ్చు. అయితే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. గడువు తొలుత 30 రోజులు. ఆ పైన ఉంచాలంటే మళ్లీ పరీక్షలు, ఆ చట్టం కింద ఏర్పడే సమీక్షా బోర్డు అనుమతి తప్పనిసరి. గొలుసులు వేయడం నిషేధం. చూడవచ్చినవాళ్లను కలిసే హక్కు, ఫోన్ మాట్లాడే హక్కు రోగికి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపేవారికి తొలిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడి, గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ నిబంధనలను వట్టి కాగితాలని కొట్టిపారేసేవాళ్లు ఆ రోజును తలచుకోవాలి. అలాగని చట్టం ఇంటింటికీ వచ్చి కాపాడదు. తనిఖీకి మనుషులు తక్కువ, జరిమానా చిన్నది. రిజిస్ట్రేషన్ పత్రం ఉన్నంత మాత్రాన లోపల దయ ఉందని కాదు. లేకపోతే మాత్రం ఇక ముందుకు వెళ్లక్కర్లేదు.

రెండు వైపులా తూచి చూస్తే నాకు తోచేది ఇది. చేతులు వణికే, ఫిట్స్ వచ్చే స్థితి ఉన్నవారికి మొదటి అడుగు ఆసుపత్రే కావాలి: ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు, మెడికల్ కాలేజీల సైకియాట్రీ విభాగాలు, లేదా దగ్గరలోని సైకియాట్రిస్టు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వ్యసనవిముక్తి హెల్ప్‌లైన్ 14446, టెలీమానస్ 14416 ఉన్నాయి. ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవారిలో చాలామందికి ఓపీ వైద్యం, మందులు, కౌన్సెలింగ్ సరిపోతాయి. ఇంట్లో ఉంచలేని పరిస్థితి, పదేపదే విఫలమైన ప్రయత్నాలు, మానసిక జబ్బు కూడా తోడైన సందర్భాల్లో అక్కడే ఉంచి చూసే కేంద్రం అవసరమే. అప్పుడు దాన్ని ఎంచుకున్నందుకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

ఎంచుకునేటప్పుడు ఏసీ గదులు, ఫీజు అంకె పక్కనపెట్టి ఇవి అడగండి. రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? రాసిచ్చిన మందుల వివరం మాకిస్తారా? మొదటి వారంలోనే మేము వచ్చి చూడొచ్చా, పక్కన ఎవరూ లేకుండా మాట్లాడొచ్చా? డబ్బంతా ముందే కట్టాలా, మధ్యలో తీసుకెళ్తే తిరిగిస్తారా? మొదటి కొద్ది రోజులు ఫోన్లు తగ్గించమని చికిత్సలో భాగంగా కోరే మంచి కేంద్రాలూ ఉంటాయి. అవి కారణం చెబుతాయి, రోగి సమ్మతి తీసుకుంటాయి, గడువు చెబుతాయి. నెల దాకా ముఖం చూడటానికి వీల్లేదనే చోటు దేన్నో దాస్తోంది.

వీటన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది ఇంకొకటుంది: ఇంటికొచ్చాక మళ్లీ తాగితే ఏం చేస్తారు? ‘మా దగ్గరికొచ్చినవాళ్లు మళ్లీ తాగరు’ అన్నా, ‘ఇంకో మూడు నెలల ఫీజు కట్టి చేర్పించండి’ అన్నా అక్కడి నుంచి లేచి రావచ్చు. ఏ వారం ఓపీకి రావాలో, ఏ మందు ఎన్నాళ్లో, ఇంట్లోవాళ్లు ఏం చేయాలో, ఏం మానుకోవాలో కూర్చోబెట్టి చెప్పే చోటయితే, అది సర్కారుదైనా ప్రైవేటుదైనా, నమ్మడం మొదలుపెట్టవచ్చు.