కడుపు నిలువని కోడండ్రను గూర్చి

పెండ్లియై నాలుగేండ్లయినది. మూడు మారులు నెల తప్పినది. మూడు మారులును మూడవ నెల నిండకమునుపే కడుపు పోయినది. ఇట్టి కోడలు ఒక్కతెయైన లేని వీధి మన చంద్రపూరు తెలుగువారి వాడలలో అరుదని చెప్పినచో అతిశయోక్తి కానేరదు. ఆమె మంచిర్యాలనుండి వచ్చినది కావచ్చును, కరీంనగరమునుండి వచ్చినది కావచ్చును. భర్త బొగ్గుగనిలోనో, బల్లార్‌పూరు కాగితపు మిల్లులోనో పనిచేయుచుండవచ్చును. ఆమె ఎవరికిని ఏమియు చెప్పదు. చెప్పకయే వీధికంతటికిని తెలిసియుండును. అప్పటినుండి సీమంతపు పిలుపు ఆమె గడపను దాటిపోవును. ఒడిబియ్యము పోయునపుడు ఆమెను ముందుకు రానీయరు. పురిటియింట బిడ్డను ఉయ్యాలలో వేయు నాడు, ‘నీవు తరువాత చూతువుగానిలే’ యని వెనుకకు నిలుపుదురు. కఠినముగ ఎవరును మాటాడరు. మెత్తని మాటలతోనే ఆమెను వెలివేయుదురు.

ఇది పత్రికకెక్కవలసిన విషయమేనా యని కొందరు పెద్దలు సందేహింపవచ్చును. మాకును కొంత సంకోచము లేకపోలేదు. కాని పది మందియు చాటున మాటాడుకొను సంగతిని ఒక్కమారు బాహాటముగ మాటాడుట మేలని తలంచితిమి. మేము చెప్పదలచినది ఇది: మరల మరల గర్భము పోయిన స్త్రీ బిడ్డకొరకు పెట్టుకొను ఆశ వట్టి భ్రమ కాదు, లెక్కకు నిలిచిన ఆశ. ఆ ఆశను నడిమధ్యన త్రుంచివేయుచున్నవి తరచుగా మన యింటి మాటలును, ఆస్పత్రిలో నోరు విప్పలేని మన నిస్సహాయతయును.

ముందుగా లెక్కను చూతము. 2021లో ‘లాన్సెట్’ అను వైద్యపత్రిక ప్రకటించిన వ్యాసములలో, నిర్ధారణమైన గర్భములలో నూటికి 15 నిలువకుండ పోవుచున్నవనియు, ప్రపంచమంతట ఏటేట 2 కోట్ల 30 లక్షల గర్భస్రావములు జరుగుచున్నవనియు అంచనా వేసిరి. రెండు మారులు కోల్పోయిన స్త్రీలు నూటికి ఇంచుమించు ఇద్దరు. మూడును, అంతకు మించియు కోల్పోయినవారు నూటికి ఒక్కరికంటె తక్కువ. తొలి నెలలలో పోయిన వానిలో సుమారు సగము పిండములోని క్రోమోజోముల సంఖ్య తప్పుటవలననే పోవుచున్నవి. అది బీజములు కలియునపుడే జరిగిపోయిన తప్పు. కోడలు గ్రహణమునాడు వాకిటికి వచ్చినందునను, అత్త వద్దన్న మెట్లు దిగినందునను, పండిన బొప్పాయి ముక్క నోట వేసికొన్నందునను కలిగినది కాదు. ఈ ఒక్క మాట మన యిండ్లలో అందరికిని తెలిసియున్నచో, ఎందరు స్త్రీలు తమలో తాము కుమిలిపోక హాయిగ నిదురింతురో!

ఇచ్చట భాషను గూర్చియు ఒక సంగతి చెప్పవలెను. ఆస్పత్రి కాగితముపై డాక్టరు ‘అబార్షన్’ అని వ్రాయును. తనంత తాను పోయినను, తీయించుకొన్నను వైద్యుల పాతలెక్కలో ఆ పదమే. ఆ కాగితమును ఇంటిలో పదవ తరగతి చదివిన మరిది చదువును. ‘వదిన అబార్షన్ చేయించుకొన్నదట’ అను మాట పుట్టును. మరాఠీలో ‘గర్భపాత్’ అను పదమునకును ఇదే చిక్కు. ఒక్క పదము రెండింటికిని చెల్లును. పైగా పూర్వపు వైద్యగ్రంథములలో ఇట్టి స్త్రీలకు ‘హ్యాబిచువల్ అబార్షన్’ అని పేరు పెట్టిరి. అనగా అలవాటుగా పోగొట్టుకొనునదని అర్థము. పోగొట్టుకొనుట అలవాటా? ఇప్పటి వైద్యులు ఆ మాటను విడిచి ‘రికరెంట్’, అనగా మరల మరల సంభవించునది, అని వ్రాయుచున్నారు. మన సుశ్రుతాచార్యుడు నాలుగవ నెలవరకు పోయినదానిని గర్భస్రావమనియు, ఐదారు నెలలలో పోయినదానిని గర్భపాతమనియు విడదీసి చెప్పెను. కాలమునుబట్టి పేర్లు పెట్టెనే కాని, ఆడుదాని నడవడినిబట్టి పెట్టలేదు.

ఇక కారణముల మాట. మూడు పోయినదాక ఆగి పిమ్మట పరీక్షించుట పాతపద్ధతి. సంతానవైద్యమునకు సంబంధించిన ఐరోపా సంఘమువారు 2017లో రెండు పోయిన తరువాతనే పరీక్షింపవచ్చునని నిర్దేశించిరి. కావున నాలుగవదానికై ఎదురు చూచుచు కూర్చొనుట తెలివి కాదు. పరీక్ష యన్నంతనే మన యిండ్లలో కోడలిని మాత్రము పంపుదురు. ఇట్టి దంపతులలో నూటికి ఇద్దరు మొదలు ఐదుగురి యిండ్లలో, భార్యాభర్తలలో ఒకరి క్రోమోజోములలో ముక్క అటునిటు మారియుండును. ఆ ఒకరు భర్తయు కావచ్చును. ఆ పరీక్షకు మగవాడు చేయవలసిన కష్టము చేయి చాచి కొంచెము రక్తమిచ్చుట మాత్రమే. గనిలోనికి జంకక దిగు మనవారు ఈ సూదికి జంకుట మాకు నవ్వు తెప్పించుచున్నది, కోపమును తెప్పించుచున్నది.

థైరాయిడు లోపము, అదుపు తప్పిన చక్కెర వ్యాధి, గర్భాశయములో పుట్టుకతోనున్న అడ్డుపొర మున్నగునవి కొందరిలో కనబడును. మరికొందరి రక్తములో, శరీరము తనమీద తానే కత్తి దూసినట్లు, కొన్ని ప్రతికణములు పుట్టి, మాయలోని సన్నని నాళములలో రక్తము గడ్డకట్టుటకును, మాయ ఎదుగుదల చెడుటకును కారణమగుచున్నవి. దీనిని యాంటీఫాస్ఫోలిపిడ్ వ్యాధి యందురు. పన్నెండు వారముల యెడముతో రెండు మారులు పరీక్షించిగాని దీనిని నిర్ధారణ చేయరాదు. ఇది ఉన్నదని తేలినచో చికిత్స కలదు. 1997లో లండనులో 90 మంది ఇట్టి స్త్రీలపై జరిపిన పరిశోధనలో, కొద్దిపాటి ఆస్పిరిన్ మాత్రమే పుచ్చుకొన్నవారిలో నూటికి 42 మందికిని, దానితోపాటు హెపారిన్ సూదులుకూడ పుచ్చుకొన్నవారిలో 71 మందికిని బిడ్డలు కలిగిరి. ఐతే ఆ సూదులు అందరికిని కావు. పుట్టుకతో వచ్చు రక్తపుగడ్డల స్వభావము గలవారికి అవి బిడ్డను నిలుపుటలో తోడ్పడలేదని 2023లో ప్రకటించిన పరిశోధన తేల్చినది. పరీక్ష లేకయే ‘ఎందుకైనను మంచిది’ యని నెలల తరబడి సూదులు వ్రాసి, జీతమంతయు మందుల దుకాణమునకు చేర్చువారియెడ జాగరూకులై యుండవలెను.

విదర్భలో ఉండు మనకు ఇంకొక హెచ్చరిక. ఈ ప్రాంతమున సికిల్ సెల్ అను రక్తవ్యాధి ఎక్కువ. ఆ వ్యాధి గల స్త్రీకి గర్భము ప్రమాదముతో కూడినది, గర్భస్రావములును హెచ్చు. వ్యాధి లేక లక్షణమును మాత్రము మోయువారికి సాధారణముగ అంత భయము లేదు. కాని తల్లి తండ్రి యిద్దరును మోయుచున్నచో బిడ్డకు వ్యాధి వచ్చునవకాశము నాలుగింట ఒకవంతు. తెలిసికొనుటకు రక్తపరీక్ష చాలును.

నాలుగైదు నెలలు నిండిన పిమ్మట, నొప్పులు లేకయే గర్భాశయముఖము తెరచుకొని బిడ్డను కోల్పోవు స్త్రీలు కలరు. వీరి కథ మన రాష్ట్రమునకు గర్వకారణమైనది. 1899లో గోవాలో పుట్టి, బొంబాయిలో వైద్యము చేసిన విఠల్ నాగేశ్ శిరోడ్కర్ గారు ఆ ముఖమును కుట్టి బిగించి, నెలలు నిండినదాక బిడ్డను నిలుపు శస్త్రచికిత్సను కనిపెట్టి, 1955లో మద్రాసునుండి వెలువడు ‘ఆంటిసెప్టిక్’ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. 1957లో ఆస్ట్రేలియాలో మెక్డొనాల్డ్ గారు దానిని మరింత సులభము చేసిరి. నేటికిని ఆ కుట్టు ప్రపంచమంతట శిరోడ్కర్ పేరుతోనే పిలువబడుచున్నది. బొంబాయిలో పుట్టిన విద్య లండను, న్యూయార్కులకు చేరినది. చంద్రపూరులోని మన కోడలి చెవికి చేరుటకు ఇంకెన్నాళ్ళు పట్టునో తెలియదు.

ఎన్ని పరీక్షలు చేసినను సుమారు సగము మందిలో కారణమే దొరకదు. ‘ఏమియు లేదమ్మా’ యని డాక్టరనగానే ఆమె గుండె మరింత జారును. నిజమునకు ఆశ మిక్కుటముగ నున్నది వీరికే. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, కారణము తెలియక మరల మరల కోల్పోయిన స్త్రీలు 836 మందిని, బ్రిటన్, నెదర్లాండ్స్ దేశములలోని ఆస్పత్రులలో రెండు వర్గములుగ విడదీసిరి. ఒక వర్గమునకు ప్రొజెస్టిరాన్ మందు నిచ్చిరి. రెండవ వర్గమునకు మందువలె కనబడు ఉత్తబిళ్ళ నిచ్చిరి. మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 65.8 మందికిని, ఉత్తబిళ్ళ పుచ్చుకొన్నవారిలో 63.3 మందికిని బిడ్డలు పుట్టిరి. మందువలన చెప్పదగిన భేదము లేదని పండితులు తేల్చిరి. మేము చూచునది వేరొకటి. మందు లేకున్నను ముగ్గురిలో ఇంచుమించు ఇద్దరు తల్లులైరి గదా! డెన్మార్కులో ఇట్టి స్త్రీలను ఏండ్ల తరబడి లెక్కించి చూడగా, నిపుణులవద్దకు వచ్చిన ఐదేండ్లలోపల మూడింట రెండు వంతుల మందికి బిడ్డలు కలిగిరి. మిగిలిన వంతు మాట దాచుట మా యుద్దేశము కాదు. వారికి ఏ లెక్కయు ఓదార్పు కానేరదు. వయస్సు ముప్పదియైదు దాటిన కొలదియు, పోయిన గర్భముల సంఖ్య హెచ్చిన కొలదియు ఆశ సన్నగిల్లుననుటయు నిజమే.

ఆ ప్రొజెస్టిరాన్ విషయమునే మరల పరీక్షింపగా, 2019లో ఒక మంచి సంగతి తెలిసినది. తొలి వారములలో రక్తము కనబడి, అంతకుముందు మూడు లేక అంతకు మించి కోల్పోయిన స్త్రీలలో, మందు పుచ్చుకొన్నవారికి నూటికి 72 మందికిని, పుచ్చుకొననివారికి 57 మందికిని బిడ్డలు కలిగిరి. కావున ఎఱ్ఱ కనబడినప్పుడు కాలయాపన కూడదు. దిష్టి తీయువారిని మేము తప్పుపట్టము. తీసిన వెంటనే ఆటోను పిలిపింపుడని మాత్రము మనవి.

చైత్రమాసపు జాతరలో మహాకాళీ గుడికి, సరిహద్దు దాటి వచ్చిన మన ఆడపడుచులు సంతానముకొరకు మ్రొక్కుకొనుట అందరెరిగినదే. మ్రొక్కుటలో తప్పేమియు లేదు. ఆ గుడిని కట్టించిన గోండు రాణి హీరాయి కథను మాత్రము ఒక్కమారు తలచుకొనవలెను. ఆమెకు కడుపున పుట్టిన కొడుకు లేడు. రామశాహను దత్తత చేసికొని, పెంచి, గద్దె నెక్కించినది. తాను రాజ్యమును నడిపినది. కొడుకు లేడని ఆమెను ఏ పేరంటమునుండియు వెనుకకు నిలిపినట్లు చంద్రపూరు చెప్పుకొనదు. ఆమె కట్టించిన గుడిముందు నిలిచి, తోటి స్త్రీని గొడ్రాలని గుసగుసలాడుట ఎట్టి భక్తియో మాకు తెలియకున్నది.

ఇక ఆస్పత్రి. మన నగరమున 2015నుండి ప్రభుత్వ వైద్యకళాశాల యున్నది. రైలెక్కినచో సేవాగ్రామమును, నాగపూరును చేరవచ్చును. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాస్పత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుపు పద్ధతి 2016నుండి నడచుచున్నది. లోపమున్నది మాటలో. మరాఠీలో ‘దివస్ గేలే’ అన్నచో ఆమె గర్భవతి యైనదని అర్థము. క్రొత్తగా కాపురమునకు వచ్చిన తెలుగు పిల్లకు అది ‘దినములు పోయినవి’ అని వినబడును. ‘దివస్ గేలేత్ కా?’ యని నర్సు అడుగగా, పోయినది తన కడుపే యనుకొని తల ఊపును. ఎన్నవ వారమున పోయినది, స్కానింగులో గుండె కదలిక కనబడినదా, పోయిన పిండమును పరీక్షకు పంపిరా యని డాక్టరు అడుగును. ఆమె ప్రక్కన నిలిచిన అత్తకు మరాఠీ వచ్చును, కాని వారములు తెలియవు. కోడలికి వారములు తెలియును, కాని మరాఠీ రాదు. భర్త గేటుకావల చెట్టుక్రింద నుండును. మొదటి రెండు గర్భముల కాగితములు మంచిర్యాలలో తల్లిగారింటి బీరువాలో నుండును. రాజురా తాలూకా 1956దాక ఆదిలాబాదు జిల్లాలోనిదే. నాడు గీత జరిగినది, చుట్టరికములు జరుగలేదు. అందువలన మన స్త్రీల వైద్యచరిత్ర యంతయు రెండు రాష్ట్రముల నడుమ చీలిపోయి, ఏ డాక్టరు ముందును నిండుగ నిలువకున్నది.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. ప్రతి గర్భమునకు ఒక పంక్తి చొప్పున, తేదీ, వారములు, స్కానింగు ఫలితము, వాడిన మందులు ఒక్క కాగితముపై వ్రాసి, పాతరిపోర్టులతో చేర్చి ఒక్క సంచిలో ఉంచవలెను. మన సంఘమునందు రెండు భాషలును బాగుగ వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయినులు కలరు. నెలకు ఒక్క దినము, ఆ 9వ తేదీన, వారిలో ఇద్దరు ఆస్పత్రి వసారాలో కూర్చొనినచో ఎంతటి మేలు! పనిచేయు స్త్రీకి గర్భస్రావమైనచో ఆరు వారముల వేతనముతో కూడిన సెలవు 1961 చట్టముననే ఇచ్చిరి. 2020 నాటి సామాజిక భద్రతా సంహితలోను అది యున్నది. అడుగుటకు సిగ్గుపడి మూడవనాడే పనిలోనికి పోవు మన స్త్రీలకు ఈ సంగతి చెప్పువారు కావలెను.

ఓస్లో నగరమున 1984లో ఒక వైద్యదంపతులు ప్రకటించిన లెక్కను కూడ ఇచ్చట చెప్పుదుము. కారణము తెలియని ఇట్టి గర్భిణులను వారమువారము పిలిచి, పరీక్షించి, ధైర్యము చెప్పిన చోట నూటికి 86 మంది గర్భములు నిలిచినవి. ఆ యాదరణ లేని వారిలో 33 మందివి మాత్రమే నిలిచినవి. చిన్న లెక్క, చీట్లు వేసి విడదీసిన వర్గములు కావు. కావున దీనిని రుజువుగ చూపము. కాని ఆదరణతో చెడినదెవరు?

శ్రావణమాసపు పేరంటములకు బొట్టుపెట్టి పిలువ బయలుదేరు ఇల్లాండ్రు ఈ యేడు ఆ గడపను దాటిపోక, ఆ కోడలి నుదుటను కూడ కుంకుమ నుంచి, అందరితోపాటు రమ్మని పిలువవలెనని కోరుచున్నాము. ఆస్పత్రి వసారాలో కూర్చొనుటకు ఇష్టపడు సోదరీమణులు తమ పేర్లను సంఘ కార్యాలయమున వ్రాయింపగలరు.