మసూర్ స్టేషన్ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా: కిరాయి బండిలో కులం

గన్నవరం విమానాశ్రయంలో దిగి బయటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మేము ఇద్దరం పరిశోధక విద్యార్థులం, ఒక సదస్సు నుంచి తిరిగి వస్తున్నాం. విజయవాడలోని ఒక అంబేద్కర్ కాలనీకి వెళ్ళాలి. దూరం ఇరవై కిలోమీటర్ల చిల్లర. యాప్‌లో బండి దొరికింది, రెండు నిమిషాల్లో రద్దయింది. మళ్ళీ దొరికింది, మళ్ళీ రద్దయింది. అప్పుడు ఒక ట్రావెల్స్‌కు ఫోన్ చేశాం.

"ఎక్కడ దిగాలండి?"

కాలనీ పేరు చెప్పాం.

"ఆ లోపలికి బండి రాదండి. మెయిన్ రోడ్డు మీద దించేస్తాం." రోడ్డు వెడల్పుగానే ఉంటుందని చెప్పాం. "సరే, పేరు చెప్పండి." చెప్పాం. "ఇంటిపేరుతో చెప్పండి సార్." అదీ చెప్పాం. కాసేపు ఆగి, "ఎవరి తాలూకండి మీరు?" అని అడిగాడు. డ్రైవర్ నంబర్ ఐదు నిమిషాల్లో పంపిస్తామన్నారు. అది రాలేదు. మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తలేదు.

ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. కులం పేరు ఎత్తలేదు. మాట్లాడినంతసేపూ "అండి", "సార్" అంటూనే మాట్లాడారు. ఇది వివక్షేనని కోర్టులో నిరూపించమంటే మా దగ్గర ఉన్నది ఒక కాల్ రికార్డు, రెండు రద్దు సందేశాలు మాత్రమే. ఈ వ్యాసం మాకు జరిగిన అవమానం గురించి కాదు. ఆ నిరూపణ గురించి.

నూట ఇరవై ఏళ్ళ కిందటి బుకింగ్

స్టేషన్ నుంచి ఊరికి బండి మాట్లాడుకోవడం అనే మామూలు పని దళితుడికి ఎలా ఉంటుందో బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిపెట్టారు. 1901లో ఆయన పదేళ్ళ లోపు పిల్లవాడు. అన్న, మేనల్లుళ్ళతో కలిసి తండ్రి పనిచేసే ఊరికి బయల్దేరి మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి స్టేషన్ మాస్టర్ మొదట ఆప్యాయంగా మాట్లాడాడు. మహర్లమని తెలియగానే మొహం మారిపోయింది. బయట ఎద్దుబండ్లు చాలానే ఉన్నా ఒక్కడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒక బండివాడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు.

1929లో చాలీస్‌గావ్‌లో అదే కథ మళ్ళీ జరిగింది. అప్పటికి ఆయన బారిస్టర్, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడు. స్టేషన్ నుంచి మహర్‌వాడకు తీసుకెళ్ళడానికి ఏ టాంగావాలా ఒప్పుకోలేదు. బండి అద్దెకిస్తాం కానీ తోలం అన్నారు. అనుభవం లేని మనిషి టాంగా తోలాడు. కల్వర్టు దగ్గర బండి చక్రం ఇరుక్కుంది. అంబేద్కర్ రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది.

ఈ రెండు సంఘటనల్లోనూ డబ్బు లేక బండి దొరకకపోలేదు. చదువు, ఉద్యోగం, హోదా, రెట్టింపు కిరాయి, ఏవీ ఆ ప్రశ్నను ఆపలేకపోయాయి. ఒక తేడా మాత్రం గమనించాలి. మసూర్‌లోనూ చాలీస్‌గావ్‌లోనూ నిరాకరణకు నోరుంది. ఎందుకు ఎక్కించుకోమో వాళ్ళు దాచలేదు. ఇవాళ్టి నిరాకరణకు నోరు లేదు. తెర మీద ఒక్క ముక్క కనిపిస్తుంది: డ్రైవర్ రద్దు చేశారు.

తెర ఏం చూపిస్తుంది

యాప్ వచ్చాక కులం పోయిందని వాదించేవాళ్ళున్నారు. కిరాయి ముందే తెలుస్తుంది, బేరం లేదు, బండివాడి దయ అక్కర్లేదు అంటారు. ఇందులో కొంత నిజముంది. అడ్డా మీద నలుగురు డ్రైవర్ల మధ్య నిలబడి బేరమాడటం కంటే ఫోన్‌లో నొక్కడం మన పిల్లలకు, ముఖ్యంగా మన ఆడపిల్లలకు, ఎంతో నయం. తెలుగువాళ్ళ ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది కాబట్టి యాప్‌లో చాలాసార్లు పేరు ఒక్కటే కనిపిస్తుంది. అది మనకు కొంత చాటు.

కానీ ఆ చాటు పలుచన. రెడ్డి, చౌదరి, నాయుడు, శర్మ, రాజు అన్న తోక లేకపోవడమే ఒక సమాచారం. బైబిల్ పేరుంటే ఇంకో సమాచారం. వీటన్నిటి కంటే ఎక్కువ చెప్పేది దిగే చోటు. కృష్ణా డెల్టాలో ఊరు వేరు, పల్లె వేరు, గూడెం వేరు. కులాన్ని బట్టి కట్టిన ఈ భూగోళం పటం మీద అలాగే ఉంది. అంబేద్కర్ నగర్, జగ్జీవన్ రామ్ కాలనీ, ఫలానా చర్చి పక్కన అని పిన్ పెట్టగానే మనమెవరమో చెప్పకుండానే చెప్పినట్టు. మనం గర్వంగా పెట్టుకున్న పేరే అవతలివాడికి ఆనవాలు అవుతుంది.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. రద్దయిన ప్రతి బుకింగ్ కుల వివక్ష కాదు. తిరిగి ఖాళీగా రావాలని, ఆన్‌లైన్‌లో కాకుండా చేతికి డబ్బు కావాలని, పొద్దుట్నుంచి తిండి లేదని కూడా డ్రైవర్లు రద్దు చేస్తారు. సమస్య అక్కడే ఉంది. న్యాయమైన కారణానికీ అన్యాయమైన కారణానికీ ఒకటే మీట. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది వేల బుకింగులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే.

అలా చూడటం సాధ్యమేనని అమెరికాలో రుజువైంది. సియాటిల్, బోస్టన్ నగరాల్లో పరిశోధకులు సుమారు 1,500 ప్రయాణాలు బుక్ చేసి పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. బోస్టన్‌లో ఉబర్‌లో నల్లజాతివారిగా అనిపించే పేర్లతో చేసిన బుకింగులు తెల్లజాతి పేర్ల బుకింగుల కంటే రెండింతలకు పైగా రద్దయ్యాయి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఉద్యోగాల విషయంలో ఇదే పని చేసింది. ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపితే దళిత పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. ఏ ఒక్క కంపెనీ కూడా కులం కారణమని రాసి పంపలేదు.

స్టీరింగ్ ఎవరిది, కారు ఎవరిది

ఆ రాత్రి చివరికి మాకు బయట మరో కారు దొరికింది. కేసరపల్లి దాటాక డ్రైవర్ మెల్లగా మాట కలిపాడు. "కాలనీ పేరు చెప్పగానే అర్థమైంది అన్నా, మనోళ్ళేనని." కారు వెనక అద్దం మీద మాత్రం పెద్ద అక్షరాల్లో ఆధిపత్య కులం పేరుంది. అడిగాం. "అది ఓనర్‌ది అన్నా. ఎక్కినోళ్ళు నన్ను ఆ కులపోడే అనుకుంటారు. వెనక కూర్చుని మనోళ్ళ గురించి నోటికొచ్చింది మాట్లాడతారు. రేటింగ్ పోతుందని నవ్వుతా వింటా." నిడమానూరు, ఎనికేపాడు, ప్రసాదంపాడు దాటి రామవరప్పాడు రింగు వచ్చేదాకా అతను చెబుతూనే ఉన్నాడు.

వెనక సీట్లో మనల్ని ఎక్కించుకుంటారా అన్నది సగం ప్రశ్నే. ముందు సీట్లో మనవాడు ఏ హోదాలో కూర్చున్నాడన్నది మిగతా సగం.

డెల్టాలో కారు ఊరికే పుట్టలేదు. 1855లో కృష్ణా ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ ఇచ్చిన నీళ్ళు భూమి ఉన్నవాళ్ళ పొలాలకే పారాయి. ఆ మిగులు సినిమాకు, చదువుల వ్యాపారానికి, రవాణాకు మళ్ళింది. 1966లో వచ్చిన ఆటోనగర్ వెనక, హైవే మీది ట్రావెల్స్ బోర్డుల వెనక ఉన్నది ఎక్కువగా ఆ పెట్టుబడే. పొలం గట్టు మీద కూలీగా ఉన్నవాడి కొడుకు ఇవాళ స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆర్సీ మీద పేరు మాత్రం మారలేదు.

2024లో వచ్చిన 'ప్రిజనర్స్ ఆన్ వీల్స్' నివేదిక కోసం హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో పది వేల మందికి పైగా యాప్ డ్రైవర్లను, డెలివరీ కార్మికులను అడిగారు. ఎస్సీ, ఎస్టీ డ్రైవర్లలో 60 శాతానికి పైగా రోజుకు 14 గంటలు దాటి పనిచేస్తున్నారు. అన్‌రిజర్వ్‌డ్ వర్గాల్లో అలా పనిచేసేవాళ్ళు 16 శాతం. యాప్ అందరికీ ఒకటే, రేటూ ఒకటే. మరి గంటల్లో ఇంత తేడా ఎందుకు? అప్పు, అద్దె కారు, ఇంట్లో రెండో ఆదాయం లేకపోవడం అన్నవి ఆ గంటల్లోకి చేరతాయని మా అవగాహన.

ప్రభుత్వ సాయం కూడా ఆర్సీ చూసే వస్తుంది. 2019లో మొదలైన వాహనమిత్ర ఏటా 10 వేల రూపాయలు ఇచ్చింది. 2025 అక్టోబర్ 4న విజయవాడలో ప్రారంభించిన 'ఆటో డ్రైవర్ల సేవలో' 15 వేలు ఇస్తోంది. రెండూ సొంత బండి నడుపుకునేవాళ్ళకే. ఓనర్ బండి తోలే మనిషి ఇందులో డ్రైవరే కాదు.

చట్టం ఏం చెబుతోంది

చట్టం లేక కాదు. పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955 నాలుగో సెక్షన్ అంటరానితనం కారణంగా ప్రజా రవాణా వాహనం వాడుకోనివ్వకపోవడాన్ని నేరంగా పేర్కొంది. ఆరో సెక్షన్ సేవ నిరాకరణను నేరం చేసింది. ఎల్లో బోర్డు కారు ప్రైవేటు సొత్తు కదా అని వాదిస్తే మోటారు వాహనాల చట్టం, 1988 చూపించాలి. కిరాయికి మనుషులను ఎక్కించుకునే మోటారు క్యాబ్ ఆ చట్టం ప్రకారం పబ్లిక్ సర్వీస్ వాహనం. సరైన కారణం లేకుండా ప్రయాణికులను నిరాకరిస్తే 178వ సెక్షన్ కింద జరిమానా ఉంది.

అన్నిటి కంటే ముఖ్యమైంది పౌరహక్కుల చట్టంలోని 12వ సెక్షన్. నేరమయ్యే పని ఎస్సీ వ్యక్తి పట్ల జరిగిందని తేలితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవలసింది అవతలి పక్షం. మనసులో ఏముందో బాధితుడు నిరూపించలేడని 1955 నాటి చట్టానికే తెలుసు. 14వ సెక్షన్ కంపెనీలను కూడా బాధ్యుల్ని చేసింది.

మరి ఎందుకు పనిచేయడం లేదు? ఆ ఊహ వర్తించాలంటే ముందు నిరాకరణ జరిగినట్టు చూపాలి. ఎవరు, ఎప్పుడు, ఏ పిన్ చూసి, ఎన్నిసార్లు రద్దు చేశారన్న లెక్క కంపెనీ సర్వర్‌లో ఉంది. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాలు సరైన కారణం లేని రద్దుకు కిరాయిలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయల జరిమానా పెట్టాయి. కానీ సరైన కారణమేమిటో చెప్పేది కంపెనీయే. అంటరానితనానికి వంద రూపాయలు, అదీ డ్రైవర్ జేబులోంచి. రోజుకు 14 గంటలు తోలే మనవాడి జేబు కూడా అందులో ఉంటుంది. డ్రైవర్లను దోషులుగా నిలబెట్టి కంపెనీలు, ఓనర్లు తప్పుకునే పరిష్కారం మనకు పరిష్కారం కాదు.

ఏం అడగాలి

మార్గదర్శకాలను అమలు చేసేది రాష్ట్రాలు. కాబట్టి రాష్ట్ర నిబంధనల్లో మూడు విషయాలు ఉండాలని అడగాలి. ఒకటి, దిగే ప్రాంతాల వారీగా రద్దుల లెక్కను కంపెనీలు ఏటా బయటపెట్టాలి. ఫిర్యాదు వస్తే ఆ బుకింగ్ చరిత్రను బాధితుడికి ఇవ్వాలి. రెండు, విమానాశ్రయంలో టాక్సీ లైసెన్సు పొందే ప్రతి సంస్థ ఒప్పందంలో నిరాకరణ కుదరదన్న షరతు ఉండాలి. ఆ కాంట్రాక్టుల్లో, పర్మిట్లలో ఎస్సీ, ఎస్టీల వాటా ఉండాలి. ఎస్సీ కార్పొరేషన్ కారు రుణాన్ని ఆ పర్మిట్‌తో కలపాలి. బేరం లేని చోట ఉత్త కారు ఇస్తే మిగిలేది వాయిదాలే. మూడు, డ్రైవర్లకిచ్చే సాయం ఆర్సీని కాకుండా లైసెన్సును చూసి ఇవ్వాలి.

మిగతా పని మనది. విజయవాడ, గుంటూరు, మచిలీపట్నం విద్యార్థి సంఘాలు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఒకే సమయానికి, ఒకే చోట రెండు ఫోన్లు. ఒకదానిలో దిగే చోటు కాలనీ, మరోదానిలో దాని పక్కనే ఉన్న అపార్ట్‌మెంట్. రద్దయితే స్క్రీన్‌షాట్, తేదీ, సమయం రాసిపెట్టాలి. మరోసారి పేర్లు మార్చి చూడాలి. బండి వచ్చాక మాత్రం డ్రైవర్‌కు కిరాయి ఇచ్చి పంపాలి, అతని పొట్ట కొట్టకూడదు. వందల బుకింగులు పోగైతే అప్పుడు మన చేతిలో ఉండేది ఫిర్యాదు కాదు, సాక్ష్యం.

ఇంత చిన్న విషయానికా అనేవాళ్ళకు ఈ డెల్టా చరిత్రే జవాబు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపడానికి ముందు, గొడవ మొదలైంది సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని మనిషికి తగిలిందన్న దగ్గర. పక్కపక్కన కూర్చోవడం ఇక్కడ ఎప్పుడూ చిన్న విషయం కాదు.

ఆ రాత్రి కారు బందరు రోడ్డెక్కాక స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లైట్ల వెలుగులో కనిపించింది. విమానం దిగినవాళ్ళు చూడటానికొచ్చే చోటు అది. అక్కడికి వెళ్ళాలంటే ఏ డ్రైవరూ రద్దు చేయడు. ఆయన పేరు పెట్టుకున్న కాలనీకి కూడా అంతే సులువుగా బండి రావాలి. మేము అడుగుతున్నది అంతే. కాలనీ లోపలికి, మా గుమ్మం దాకా.