పచ్చి మీద పెకలించొద్దు

ఇంగ్లండులో తోట పెంచేవాళ్లకి స్నోడ్రాప్ అనే పూలగడ్డ మొక్క గురించి మొదట అందే సలహా ఒకటే: పూత అయిపోగానే, ఆకు పచ్చగా ఉండగానే గుబురు తవ్వి, గడ్డలు విడదీసి తిరిగి నాటాలి. తోటపని పుస్తకాలు చాలావరకు ఇదే చెబుతాయి. నర్సరీలు చలికాలం చివర ఆకులతో సహా కట్టలు కట్టి పోస్టులో పంపుతాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లూ ఇదే పాటిస్తున్నారు. ఈ పద్ధతి మొక్కకి మేలు కాదు, గాయం.

స్నోడ్రాప్ ఆకురాల్చే అడవుల మొక్క. పైన చెట్లు చిగురించి నీడ కమ్మేలోగా దాని ఏడాది పని అంతా పూర్తి కావాలి. జనవరి, ఫిబ్రవరిలో పూస్తుంది. పూత తర్వాత మిగిలే కొద్ది వారాల్లోనే ఆకు ఎండని పట్టి గడ్డని నింపుతుంది. వచ్చే ఏటి పువ్వుకి ఆధారం ఆ నిల్వే. సరిగ్గా ఆ వారాల్లోనే మనం పార దించుతున్నాం. దాని వేళ్లు కొమ్మలు వేయని తెల్లటి దారాలు, తెగితే ఆ ఋతువులో మళ్లీ రావు. వేరు తెగిన మొక్క ఆకు వాలిపోతుంది, గడ్డ సగం నిండకుండానే నిద్రలోకి జారుకుంటుంది. మరుసటి ఏడు పూత తగ్గితే "కుదురుకోవడానికి టైము పడుతుంది" అని సర్దిచెప్పుకుంటాం. ఆ టైము మనం చేసిన గాయం మానడానికి పట్టింది.

మరి ఈ నమ్మకం ఎలా బలపడింది? శరదృతువులో దుకాణాల్లో అమ్మే ఎండుగడ్డలు చాలాసార్లు మొలవవు. నిద్రలో ఉన్న గడ్డ నాటితే చస్తుందని దాన్నిబట్టి తేల్చేశారు. కానీ వాటిని చంపింది నిద్ర కాదు, ఎండబెట్టడం. ఈ గడ్డకి తులిప్‌కి ఉన్నంత గట్టి పొర లేదు. తవ్వి, వెచ్చని గదుల్లో వారాల తరబడి ఉంచితే లోపలి తడి పోతుంది. టర్కీ కొండల్లో అడవి నుంచి తవ్వి తెచ్చిన గడ్డలు కూడా ఇలాగే పెద్ద ఎత్తున యూరప్ చేరేవి. అందుకే 1990లో ఈ జాతి మొత్తాన్ని, అడవి మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటెస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చాల్సి వచ్చింది.

నిజామాబాద్ పసుపు రైతు ఆకు పండి ఎండేదాకా ఆగి తవ్వుతాడు, విత్తన కొమ్ముల్ని నీడలో కాపాడుకుంటాడు. ఆకు పచ్చగా ఉండగా తవ్వమంటే ఒప్పుకోడు. స్నోడ్రాప్ వేరే కుటుంబం, వేరే వాతావరణం. అయినా పంట గడ్డలోకి దిగాకే తవ్వాలన్న లెక్క దానికీ వర్తిస్తుంది.

పచ్చి మీద తవ్వితే మొక్క ఎక్కడుందో కనిపిస్తుంది, ఎంత లోతున నాటాలో ఆకు మొదట్లోని తెల్లటి గీత చెబుతుంది అంటారు. రెండూ నిజమే. మట్టి విడవకుండా గుబురుని గుబురుగానే ఎత్తి, పక్క మడిలో వెంటనే దించితే నష్టం తక్కువన్నదీ ఒప్పుకుంటాను. కానీ మట్టి దులిపి, గడ్డ గడ్డా విడదీసి, పోస్టులో రోజుల తరబడి నలిపే పనికి ఇవి సమర్థన కావు. చోటు గుర్తుకి ఓ పుల్ల గుచ్చితే చాలు.

అడవి నీడలో ముందే పూసే మొక్కలన్నిటికీ ఒకే నియమం రుద్దడం అసలు తప్పు. ప్రింరోజ్‌ని పూత కాగానే విడదీయడం సరైనదే, అది అప్పుడు కొత్త వేళ్లు వేస్తుంది. వుడ్ అనిమోన్ వేసవికల్లా నేలలో దాక్కుంటుంది, పెళుసైన దాని దుంపకొమ్మని నిద్రలోనే కదపాలి. కొత్త వేరు ఎప్పుడు వేస్తుందో చూసి తవ్వే వేళ నిర్ణయించాలి.

స్నోడ్రాప్ కొత్త వేళ్లు వేసవి చివర మొదలవుతాయి. కాబట్టి మే నెలాఖరున, ఆకు పసుపుబారి వాలిపోయాక తవ్వండి. అప్పటికి పాత వేళ్ల పని అయిపోయి ఉంటుంది. గడ్డ గట్టిగా, నిండుగా చేతికొస్తుంది. విడదీసి, ఆకుల ఎరువు కలిపిన మట్టిలో, గడ్డ ఎత్తుకి రెండు మూడింతల లోతున అదే రోజు నాటేయండి. నర్సరీలు కూడా నిద్రగడ్డల్ని కాస్త తడి పట్టిన పొట్టులో చుట్టి జూన్‌లో పంపవచ్చు. ఆర్డరు ఇచ్చేటప్పుడు అలాగే కావాలని అడగండి.